ఘన కందెన ఎంపిక: గ్రాఫైట్, మాలీ, బోరాన్ నైట్రైడ్, గ్రాఫీన్‌లలో ఎక్కడికి ఏది

నూనె, గ్రీజు పనికిరాని చోట్లు కొన్ని ఉంటాయి. శూన్యంలో నూనె మెల్లగా ఆవిరై పక్కనున్న లెన్సుల మీద పేరుకుంటుంది. కొలిమి దగ్గర మాడి మసవుతుంది. దుమ్ము రేగే చోట గ్రీజు ఆ దుమ్మునే పట్టుకుని సానబెట్టే ముద్దగా మారుతుంది. అలాంటి చోట పొరలు పొరలుగా ఉండే ఘన కందెనలు వాడతారు: గ్రాఫైట్, మాలిబ్డినం డైసల్ఫైడ్ (వాడేవాళ్ల నోట మాలీ), టంగ్‌స్టన్ డైసల్ఫైడ్, బోరాన్ నైట్రైడ్, ఇంకా వీటి నుంచే ఒకటి రెండు పొరలుగా ఒలిచి తీసే గ్రాఫీన్ లాంటివి. అన్నింటి కట్టుబడీ ఒకటే. పొర లోపల బంధం చాలా గట్టిది, పొరకూ పొరకూ మధ్య పట్టు బలహీనం. పొర నుంచి పొరకు దూరం గ్రాఫైట్‌లో 0.335 నానోమీటర్లు, బోరాన్ నైట్రైడ్‌లో 0.333. మాలీలో ఒక్కో పొర గంధకం, మాలిబ్డినం, గంధకం అని మూడు వరుసలు కాబట్టి ఆ దూరం 0.615.

ఎంచుకునేటప్పుడు చాలామంది మొదట ఘర్షణ గుణకం (ఘర్షణ బలాన్ని నొక్కే బరువుతో భాగిస్తే వచ్చే అంకె) చూస్తారు. తప్పటడుగు అక్కడే పడుతుంది. ఆ అంకె పదార్థానిది ఎంతో, దాని చుట్టూ ఉన్న గాలిదీ అంతే. ఒకే మాలీ పూత పొడి నైట్రోజన్‌లో 0.02 చూపిస్తుంది, తేమ గాలిలో 0.15 దాటుతుంది. ఏ వాయువులో, ఎంత తేమలో, ఎంత బరువు కింద కొలిచారో రాయని గుణకాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ముందు గాలి సంగతి తేల్చండి

గ్రాఫైట్‌కి తేమ కావాలి. పొరలు బలహీనంగా ఉన్నాయి కాబట్టి దానంతటదే జారుతుందని చాలాకాలం అనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎత్తున ఎగిరే విమానాల జనరేటర్లలో కార్బన్ బ్రష్షులు కొద్ది గంటల్లోనే పిండి పిండి కావడంతో ఆ నమ్మకం సడలింది. అంత ఎత్తులో గాలిలో నీటి ఆవిరి దాదాపు లేదు. సావేజ్ 1948లో ప్రచురించిన ప్రయోగాలు విషయం తేల్చాయి: శూన్యంలో విపరీతంగా అరిగే గ్రాఫైట్‌కి కొద్దిపాటి నీటి ఆవిరి అందగానే అరుగుదల పడిపోయింది. పొరల అంచుల్లో జత దొరకని బంధాలుంటాయి. నీటి అణువులు వాటిని మూసేస్తాయి. నీరు లేకపోతే ఆ అంచులు ఎదుటి లోహాన్నో, ఎదుటి అంచునో పట్టేసుకుంటాయి. కాబట్టి వ్యాక్యూమ్ చాంబర్‌లోనూ, పొడి నైట్రోజన్ గ్లవ్ బాక్సులోనూ ఒట్టి గ్రాఫైట్ వద్దు.

మాలీది సరిగ్గా దీనికి ఎదురు. తేమ తగ్గేకొద్దీ అది బాగుపడుతుంది. గాలి తగలని అత్యంత శుద్ధ శూన్యంలో, అక్కడే స్పటర్ చేసిన (అయాన్లతో కొట్టి, ఎగిరిన పరమాణువులతో పేర్చిన) మాలీ పూత మీద 1993లో జ్యాన్ మిషెల్ మార్టాన్ బృందం 0.002 స్థాయి గుణకం కొలిచింది. అదే పూత తేమ గాలిలో తిరిగితే నీరు అంచులనూ లోపాలనూ పట్టుకుని పొరల జారుడుకి అడ్డు తగులుతుంది, రుద్దుడు వేడికి పైపొర ఆక్సైడ్‌గా మారుతుంది, పూత ఆయుష్షు పడిపోతుంది.

అంతరిక్షంలో వాడబోయే మాలీ పూతను నేల మీద ఎంత జాగ్రత్తగా చూడాలో గెలీలియో నౌక చెబుతుంది. 1989 అక్టోబరులో బయలుదేరిన ఆ నౌక 4.8 మీటర్ల గొడుగు యాంటెన్నాని 1991 ఏప్రిల్‌లో విప్పబోతే సగంలో బిగుసుకుపోయింది. గొడుగు ఊచల్ని పట్టి ఉంచే పిన్నుల మీద పొడి కందెన పూత ముందే చెదిరిపోయి ఉండొచ్చని విచారణ తేల్చింది. నేల మీద పరీక్షల్లోనూ, ట్రక్కు ప్రయాణాల్లోనూ కలిగిన అదురుకు పిన్నులు గాలిలో మళ్లీ మళ్లీ రాసుకున్నాయి. పూత పోయిన చోట శూన్యంలో లోహం లోహాన్ని పట్టేసింది. ఇందులోంచి తీసుకోవాల్సిన పని పద్ధతి ఇది: మాలీ పూసిన భాగాన్ని గాలిలో తిప్పి చూడాలనే ఆత్రం వద్దు. పరీక్ష తప్పనిసరైతే పొడి నైట్రోజన్ వీచే పెట్టెలో చేయండి, తిప్పిన ప్రతిసారీ లెక్క రాసిపెట్టండి, నిల్వ తేమ పీల్చే సంచులతో సీల్ చేసిన కవరులో ఉంచండి, రవాణాలో ఆ కీలు కదలకుండా బిగించండి.

టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ మాలీకి తమ్ముడి లాంటిది. శూన్యంలో మంచిది, తేమలో చిక్కులూ దాదాపు అవే. వేడిని మాత్రం కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది. ఆ కాస్త కోసమే దాన్ని ఎంచుకోవాలి.

బోరాన్ నైట్రైడ్ గాలిని అంతగా పట్టించుకోదు, కానీ గది ఉష్ణోగ్రతలో దాని గుణకం 0.2 చుట్టుపక్కల ఉంటుంది. మామూలు వేడిలో, మామూలు గాలిలో దాన్ని కందెనగా ఎంచుకోవడానికి కారణం కనిపించదు. దాని బలం వేరే చోట ఉంది.

కొన్నిసార్లు పొడిగా, కొన్నిసార్లు తేమగా మారే చోటు అయితే? ఇక్కడ కొన్ని పొరల గ్రాఫీన్ ఆసక్తికరంగా ఉంటుంది. ఆల్కహాల్‌లో తేలుతున్న గ్రాఫీన్ రేకుల్ని కొన్ని చుక్కలు ఉక్కు మీద వేసి ఆరనిస్తే, ఉక్కు మీద ఉక్కు జారేటప్పుడు 1కి దగ్గరగా ఉన్న గుణకం 0.15–0.2 దాకా దిగినట్టు అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో అనిరుద్ధ సుమంత్, డయానా బెర్మన్, అలీ ఎర్డెమిర్ చూపారు. ఆ ప్రయోగాలు తేమ గాలిలోనూ, పొడి నైట్రోజన్‌లోనూ జరిగాయి. 0.15 అంటే మాలీ వ్యాక్యూమ్ అంకెకు దగ్గర్లో కూడా లేదు, అది గుర్తుంచుకోండి. గాలి మారినా పనితీరు అంతగా మారదు, దాని విలువ అదే. పూత చాలా పలచన కాబట్టి బరువు పెరిగితే, తిరుగుళ్లు పెరిగితే అరిగిపోతుంది. మళ్లీ చుక్కలు వేయగలిగే చోటే దీన్ని నమ్ముకోవాలి.

వేడి, కరెంటు, తుప్పు

గాలిలో మాలీని 350 డిగ్రీల సెల్సియస్ దాకానే ధైర్యంగా వాడొచ్చు. ఆ పైన అది మాలిబ్డినం ట్రైఆక్సైడ్ అవుతుంది, కందెన పని పోతుంది. పౌడరు ఎంత సన్నగా ఉంటే ఈ మార్పు అంత తొందరగా మొదలవుతుంది. కాబట్టి నానో పౌడరు కొన్నవాళ్లు డబ్బా మీది ఉష్ణోగ్రతని అలాగే నమ్మకూడదు. గ్రాఫైట్ 450 దాటాక కాలడం మొదలుపెడుతుంది. బోరాన్ నైట్రైడ్ 850–900 దాకా గాలిలో నిలబడుతుంది. వేడి అచ్చులు, సెరామిక్ భాగాలు అంటుకోకుండా ఉండాలంటే దాన్ని మించింది లేదు. తెల్లగా ఉంటుంది, మరక పడదు.

కరెంటు పారాలంటే గ్రాఫైట్. పారకూడదంటే బోరాన్ నైట్రైడ్. దాని శక్తి అంతరం (కరెంటు పారాలంటే ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి) సుమారు 6 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే నికార్సైన ఇన్సులేటర్. మాలీ అర్ధవాహకం, ఆ రెండింటికీ నడుమ ఉంటుంది. కాబట్టి దాన్ని కాంటాక్టుల మీద పూసి కరెంటు పారుతుందని ఆశపడొద్దు.

తుప్పు సంగతి చాలామంది మరిచిపోతారు. గ్రాఫైట్ విద్యుత్ రసాయన శ్రేణిలో బంగారం, ప్లాటినం పక్కన కూర్చుంటుంది. దాన్ని అల్యూమినియం లేదా మెగ్నీషియం భాగానికి పూసి ఉప్పు తేమ తగలనిస్తే గ్రాఫైట్‌కి ఏమీ కాదు, అల్యూమినియం గుంటలు పడుతుంది. మాలీ తేమలో మెల్లగా ఆక్సీకరించి ఆమ్ల గుణం తెస్తుంది. పూసి వదిలేసిన మామూలు ఉక్కు కింద తుప్పు చుక్కలు కనిపించేది అందుకే. ఎక్కువ వేడిలో నికెల్ మిశ్రమాల దగ్గర మాలీ, టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ రెండూ వద్దు. గంధకం విడిపోయి నికెల్‌ని తింటుంది.

ఏ రూపంలో వాడాలి

పదార్థం తేలాక రూపం. ఇందులో తప్పు చేస్తే సరైన పదార్థం కూడా ఓడిపోతుంది.

పౌడరు రుద్దడం అన్నిటికన్నా చౌక. భాగాన్ని నూనె జిడ్డు లేకుండా ద్రావకంతో కడిగి, ఆరాక, మెత్తటి బట్టతోనో షామాయి తోలుతోనో మాలీ పౌడరుని ఒకే దిశలో గట్టిగా రుద్దాలి. మొదట బూడిద రంగు మసకగా అంటుతుంది. రుద్దగా రుద్దగా రేకులు పడుకుని, పైన సీసపు మెరుపు లాంటి నిగారింపు వస్తుంది. ఆ మెరుపు రాకముందే ఆపేస్తే రేకులు నిలువుగా, అడ్డదిడ్డంగా ఉండిపోయి మొదటి తిరుగుళ్లలోనే రాలిపోతాయి. పూసిన మర్నాడు వేలితో తుడిస్తే బూడిద పొడి అంటుకోవచ్చు, అది మిగులు. దాన్ని తుడిచేయాలి. ఈ పూత ఒక మైక్రాన్ కన్నా పలచన, ఆయుష్షు తక్కువ. బిగించేటప్పుడు గీరుకుపోకుండా చూసుకోవడానికి సరిపోతుంది, ఏళ్ల తరబడి తిరిగే కీలుకి చాలదు.

రెసిన్‌తో అంటించే పూతలు 5 నుంచి 15 మైక్రాన్లు ఉంటాయి. ఉక్కుకి జిడ్డు తీసి, సన్నటి అల్యూమినా ఇసుకతో గరుకు చేసి, వీలైతే ఫాస్ఫేట్ పొర పట్టించి, స్ప్రే చేసి, రెసిన్‌ని బట్టి 150 డిగ్రీల చుట్టుపక్కల ఒక గంట కాల్చుతారు. గట్టిపరచిన అల్యూమినియం మిశ్రమాలకు ఆ వేడి బలం తగ్గించొచ్చు, వాటికి గది వేడిలో ఆరే రకం తీసుకోవాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు కొలతల్లో: ఇరుసు మీద 10 మైక్రాన్ల పూత అంటే వ్యాసం 20 మైక్రాన్లు పెరుగుతుంది. డిజైన్‌లో ఆ ఖాళీ వదలకపోతే బిగింపులోనే పూత గీరుకుపోతుంది. రెండో పొరపాటు, జాగ్రత్త కోసం అంటూ ఆ పూత మీద నూనె కూడా వేయడం. నూనె రాలిన రేకుల్ని కొట్టుకుపోతుంది, రెసిన్‌ని మెత్తబరుస్తుంది, పూత ఆయుష్షు పెరగకపోగా తగ్గుతుంది. ఇంకొకటి: మాలీ 350 డిగ్రీలు తట్టుకున్నా రెసిన్ అంతకన్నా ముందే మాడుతుంది. పరిమితి రెసిన్‌దే.

స్పటర్ చేసిన మాలీ సాధారణంగా 0.3–1 మైక్రాన్. ఇది నునుపైన, గట్టి బేరింగ్ ఉక్కు మీద నిలుస్తుంది. శూన్యంలో కచ్చితమైన బేరింగులకు దీనికి పోటీ లేదు. గాలిలో కొన్నాళ్లు గడపక తప్పని భాగానికి ఒట్టి మాలీకి బదులు టైటానియం లేదా ఆంటిమనీ ట్రైఆక్సైడ్ కలిపిన రకం అడగండి. ఆ కలయిక పూతని దట్టంగా చేసి తేమ లోపలికి చొరబడకుండా ఆపుతుంది.

నూనెలో, గ్రీజులో కలిపేది వేరే కథ. మాలీ గ్రీజుల్లో సాధారణంగా 1–3 శాతం మాలీ ఉంటుంది, బిగింపు పేస్టుల్లో అంతకన్నా ఎన్నో రెట్లు. గ్రాఫీన్‌ని నూనెలో కలపాలంటే వందో వంతు నుంచి పదో వంతు శాతం మధ్యే మొదలుపెట్టండి. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలని కుమ్మరిస్తే రేకులు ఒకదానికొకటి అంటుకుని గుత్తులు కడతాయి, గుత్తులు ఫిల్టర్‌లో ఆగుతాయి లేదా అడుగున పేరుకుంటాయి, ఘర్షణ మళ్లీ పెరుగుతుంది. సీసాలో వారం రోజులు కదలకుండా ఉంచి పైనున్న నూనె తేటపడిందో లేదో చూడటం చవకైన, నమ్మదగిన పరీక్ష. ఇంజిన్ నూనెలకైతే పౌడరు కన్నా నూనెలో కరిగే మాలిబ్డినం డైథయోకార్బమేట్ మేలు. రాపిడి జరిగే చోటే అది విడిపోయి ఒకటి రెండు పొరల మాలీ రేకులుగా ఏర్పడుతుంది. కందెన అవసరమైన చోటే పుడుతుంది, మరోచోట పేరుకోదు.

బోల్టులకు మాలీ పేస్టు వాడేవాళ్లు ఒక్క లెక్క తప్పకుండా చేయాలి. బిగింపు టార్క్ (నట్‌ని తిప్పే బలం) అంటే నట్ గుణకం (ఘర్షణని బట్టి మారే అంకె), వ్యాసం, బోల్టులో లాగుడు బలం ఈ మూడింటి లబ్ధం. పొడి ఉక్కు మరకి (బోల్టు చుట్టు గాడికి) ఆ గుణకం 0.20 అనుకుంటే, పేస్టు పూశాక 0.13కి దిగొచ్చు. పాత టార్క్‌తోనే బిగిస్తే లాగుడు సుమారు 50 శాతం పెరుగుతుంది. మర సాగిపోవడానికి, బోల్టు తెగడానికి అంత చాలు. పేస్టు తయారీదారు ఇచ్చిన గుణకంతో టార్క్ మళ్లీ లెక్కగట్టండి.

ఎన్ని పొరలు? ఒక్క పొర మేలు కాదు

ల్యాబ్‌లో పలచటి రేకుల మీద పనిచేసేవాళ్లకు ఇది అసలు ప్రశ్న. పలచన అయ్యేకొద్దీ జారుడు పెరుగుతుందని అనిపిస్తుంది. జరిగేది దానికి తలకిందులు. 2010లో లీ, కార్పిక్, హోన్ తదితరులు గ్రాఫీన్, మాలీ, నయోబియం డైసెలెనైడ్, బోరాన్ నైట్రైడ్ నాలుగింటినీ ఎఎఫ్ఎం (అతి సన్నటి సూదితో ఉపరితలాన్ని తడిమే సూక్ష్మదర్శిని) సూదితో కొలిచి చూస్తే ఒక్క పొర మీద ఘర్షణ అన్నిటికన్నా ఎక్కువ. పొరలు పెరిగేకొద్దీ తగ్గుతూ నాలుగైదు పొరలకు దట్టమైన స్ఫటికం స్థాయికి చేరింది.

కారణం పరుపు మీద తెలుస్తుంది. పలచటి దుప్పటి పరిచి అరచెయ్యి ఆనించి జరిపితే, చేతి ముందు దుప్పటి ముడత పడి గుట్టగా లేస్తుంది, చేతిని ఆపుతుంది. అదే బొంత అయితే లేవదు. ఒక్క పొర గ్రాఫీన్ వంగడానికి చాలా తేలిక, సూది ముందు అలాగే లేస్తుంది, సూదికి ఎక్కువ మేర అంటుకుంటుంది. ఇదే పరిశోధనలో మైకా మీద గట్టిగా అతుక్కున్న గ్రాఫీన్‌లో పొరల సంఖ్యతో తేడా కనిపించలేదు. దుప్పటిని పరుపుకి కుట్టేస్తే ముడత పడదు కదా. సిలికాన్ కార్బైడ్ మీద పెంచిన గ్రాఫీన్‌లో మాత్రం 2009లోనే ఫిలెటర్ బృందం ఒక్క పొరకి రెండు పొరలకన్నా రెట్టింపు ఘర్షణ కొలిచి, దానికి ఎలక్ట్రాన్లూ కంపనాలూ కలిసే తీరే కారణమని వాదించింది. అడుగు (రేకు కింద ఉన్న పదార్థం) మారితే కారణమూ మారవచ్చు.

ఎంపికలోకి వస్తే: మందం మీద కట్టడి లేకపోతే నాలుగైదు పొరలు తీసుకోండి. ఒక్క పొర తప్పదంటే పదార్థం కన్నా అడుగు మీద శ్రద్ధ పెట్టండి. అడుగు పరమాణు స్థాయిలో సమతలంగా ఉండాలి, రేకు దానికి గట్టిగా అంటాలి. ఇలాగే పొరలుగా ఉన్నా గాలిలో నిలవని నల్ల ఫాస్ఫరస్ జోలికి కందెన కోసం వెళ్లొద్దు.

రెండు పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి జారేటప్పుడు కోణం కూడా లెక్కే. ఒకే రకం పళ్లున్న రెండు దువ్వెనల్ని ఎదురెదురుగా నొక్కితే పళ్లు పళ్లలో దిగి బిగుస్తాయి. పళ్ల దూరం వేరైతే ఒకదాని మీద ఒకటి తేలిపోతాయి. 2004లో లైడెన్‌లో డీన్‌వీబెల్, ఫ్రెంకెన్ తదితరులు గ్రాఫైట్ మీద గ్రాఫైట్ రేకుని తిప్పుతూ కొలిస్తే ప్రతి 60 డిగ్రీలకు ఘర్షణ శిఖరం, మధ్యలో దాదాపు సున్నా. చిక్కేమిటంటే జారుతున్న రేకు తనంతట తానే తిరిగి బిగుసుకునే కోణంలోకి వచ్చి కూర్చుంటుంది. దీనికి విరుగుడు రెండు వేరు పదార్థాల జత. గ్రాఫైట్, బోరాన్ నైట్రైడ్ జాలకాల, అంటే పరమాణు అమరికల, కొలతల మధ్య 1.8 శాతం తేడా ఉంది. 2018లో ఆ జత ఏ కోణంలోనైనా మైక్రాన్ల స్థాయిలో చాలా తక్కువ ఘర్షణ చూపింది. మాలీ, గ్రాఫీన్‌ల మధ్య తేడా ఇంకా పెద్దది. కొత్తగా పరికరం డిజైన్ చేసేవాళ్లు ఒకే పదార్థం జతతో మొదలుపెట్టకుండా నేరుగా మిశ్రమ జతకే వెళ్లడం మంచిది.

పెద్ద పరిమాణంలో 0.01 కన్నా తక్కువ గుణకం కావాలంటే దారి సన్నగిల్లుతుంది. 2015లో గ్రాఫీన్ రేకులు నానో వజ్రాల చుట్టూ చుట్టుకుని, వజ్రం లాంటి కార్బన్ పూత మీద దొర్లి 0.004 ఇచ్చాయి. పొడి నైట్రోజన్‌లోనే. తేమ గాలిలో ఆ చుట్టలు ఏర్పడలేదు, ఘర్షణ బాగా పెరిగింది.

కొని, పూసి, కొలిచేటప్పుడు

రేకు ఎన్ని పొరలో ఎత్తు కొలిచి చెప్పొద్దు. గ్రాఫీన్ మొదటి పొర కింద చిక్కిన నీటి వల్ల ఆ ఎత్తు 0.4 నుంచి 1 నానోమీటరు దాకా ఏదైనా రావచ్చు. రామన్ వర్ణపటం (లేజర్ కాంతి రేకు మీద పడి చెదిరే తీరు) చూడండి. మాలీలో రెండు శిఖరాల మధ్య దూరం ఒక్క పొరకి సుమారు 19, దట్టమైన దానికి 25 విలోమ సెంటీమీటర్లు.

ఎఎఫ్ఎంతో ఘర్షణ కొలిచేటప్పుడు సూది, దాన్ని మోసే సన్నటి పట్టీ అయిన కాంటిలివర్ పొడవుకి అడ్డంగా, అంటే 90 డిగ్రీలకు, కదలాలి. 0 డిగ్రీల్లో వదిలేస్తే మెలికే పడదు, తెర మీద కనిపించేది ఘర్షణ కాదు. 0.1–0.5 న్యూటన్/మీటర్ కాంటిలివర్ వాడండి. వెళ్లే గీతకీ వచ్చే గీతకీ మధ్య ఖాళీలో సగం ఘర్షణ. ఒక్క గీత చూసి చెబితే ఎత్తుపల్లాలు కూడా అందులో కలిసిపోతాయి. అంటుకునే బలం ఎక్కువగా ఉన్న ఈ స్థాయిలో ఘర్షణని బరువుతో భాగించి గుణకం రాయకూడదు. బరువు మారుస్తూ కొలిచి వాలు తీసుకోవాలి.

పాలిమర్ పొరతో ఎత్తి తెచ్చి అతికించిన గ్రాఫీన్ మీద ఆ పాలిమర్ మడ్డి నానోమీటరు మందాన మిగిలే ఉంటుంది. శూన్యంలో 300 డిగ్రీల దగ్గర వేడిచేస్తే కొంత పోతుంది. మిగిలిందాన్ని సూదితోనే తక్కువ బరువుతో చదరంగా పదిసార్లు నడిపి తోయొచ్చు. తర్వాత పెద్ద బొమ్మ తీస్తే చదరం లోపల శుభ్రంగా, అంచుల్లో చీపురుతో ఊడ్చి వదిలినట్టు మడ్డి గట్లు కనిపిస్తాయి. ఆ చదరం లోపలే కొలవండి. ఈ ఊడ్పులో సూది మొన కూడా మురికి పడుతుంది లేదా అరుగుతుంది. అందుకే ప్రతి నమూనాకి ముందూ తర్వాతా ఒకే గ్రాఫైట్ ముక్క మీదికి వెళ్లి అదే బరువు దగ్గర కొలిచి చూడండి. రెండు అంకెలూ కలవకపోతే, మధ్యలో కొలిచినదంతా పక్కనబెట్టి కొత్త సూదితో మొదలుపెట్టాలి.